ముందు వినడం, తర్వాతే మైకు: గైడ్ పిల్లలతో హామ్ రేడియో

ప్రశ్న అడిగిన మేడం కర్నూలు పక్కన ఒక హైస్కూల్లో గైడ్ కెప్టెన్. ఆమె కంపెనీలో, అంటే గైడ్ల జట్టులో, ఏడు నుంచి తొమ్మిదో తరగతి దాకా 28 మంది ఆడపిల్లలున్నారు. అక్టోబరులో జరిగే జోటాలో, అంటే స్కౌట్లూ గైడ్లూ రేడియోలో కలుసుకునే పండుగలో, పిల్లల్ని పాల్గొనేలా చేయాలని ఆమె కోరిక. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే వాకీటాకీలు పది కొంటే సరిపోతుందా అని అడిగారు. తనకు ఎలక్ట్రానిక్స్ రాదనీ, పిల్లలకు రెండు వారాల్లోనే విసుగొస్తుందేమోననీ భయపడుతున్నారు.

మేడం గారూ, ఆ వాకీటాకీలు కొనకండి. మన దేశంలో లైసెన్స్ లేకుండా ట్రాన్స్‌మిటర్‌తో మాట్లాడటమే కాదు, ఊరికే దగ్గర పెట్టుకున్నా తప్పే. అమ్మేవాడు ఆ సంగతి చెప్పడు. పోలీసులు, ఎయిర్‌పోర్టు, రైల్వే వాడుకునే ఫ్రీక్వెన్సీల దగ్గరికి కూడా ఆ చవక సెట్లు పోతాయి. ఒక పిల్ల తెలియక బటన్ నొక్కితే మాట పడేది మీరు, మీ హెడ్మాస్టరు. లైసెన్స్ అక్కర్లేని చిన్న వాకీటాకీలు వేరే ఉన్నాయి. అవి 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య అర వాటు శక్తితో పనిచేస్తాయి. కొనాలనుకుంటే ప్రభుత్వ ఆమోదం ఉన్న అలాంటివి రెండో మూడో కొనండి. ఊరి బయట మైదానంలో కిలోమీటరు లోపు ఆటలకు అవి చాలు. వాటితో మాట్లాడటం, పరీక్ష రాసి లైసెన్స్ తీసుకుని సరదాకొద్దీ చేసే హామ్ రేడియో కాదని మాత్రం పిల్లలకు మొదటి రోజే చెప్పండి.

ఇక అసలు విషయం. పిల్లలకు విసుగొస్తుందన్న మీ భయం నిజమే, అది నేను కళ్ళారా చూశాను. నేను మొదటిసారి ఒక స్కౌట్ ట్రూప్‌తో జోటా చేసినప్పుడు నా ధ్యాసంతా సెట్టు మీద, యాంటెన్నా మీదే ఉంది. నలభై మంది పిల్లలు ఎండలో వరుసగా నిలబడ్డారు, ఒక్కొక్కరికీ ఒక్క వాక్యం మాట్లాడే వంతు. రెండో గంట వచ్చేసరికి సగం మంది చింతచెట్టు కింద కూర్చుని కబుర్లలో పడ్డారు. మైకు దాకా వచ్చిన పిల్లాడికి నోరు పెగల్లేదు, అవతలివాళ్ళు ఏమన్నారో అర్థం కాలేదు. తప్పు పిల్లలది కాదు. వినడం నేర్పకుండా నేను మైకు చేతికిచ్చాను. ఆ తర్వాత ఏ ట్రూప్‌తో పనిచేసినా కనీసం రెండు నెలలు వినడమే చేయించాను. వినడానికి లైసెన్స్ అక్కర్లేదు, ఖర్చూ పెద్దగా ఉండదు, మీకు ఎలక్ట్రానిక్స్ రాకపోయినా సాగుతుంది.

మీడియం వేవ్ ఉన్న చిన్న ట్రాన్సిస్టర్ రేడియోలు నాలుగు సంపాదించండి. కొత్తవే కానక్కర్లేదు, ఇళ్ళల్లో అటక మీద పాతవి ఉంటాయి. కంపెనీని ఏడుగురు చొప్పున నాలుగు పెట్రోళ్ళు, అంటే చిన్న జట్లు, చేసి, పెట్రోల్‌కొక రేడియో, ఒక నోట్‌బుక్ ఇవ్వండి. ఆ నోట్‌బుక్కే లాగ్. తేదీ, సమయం, ఫ్రీక్వెన్సీ, ఏ భాష, ఎంత గట్టిగా వినబడింది, ఇవి రాయాలి. సమయం మన గడియారం ప్రకారం కాకుండా యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన సమయంలో, రాయించండి. ప్రపంచంలోని హామ్‌లందరూ అలాగే రాస్తారు. మన సమయంలో నుంచి ఐదున్నర గంటలు తీసేయాలి, సాయంత్రం నాలుగైతే 10:30. తెల్లవారుజామున నాలుగు గంటలకు విన్నదానికి తేదీ కూడా ఒక రోజు వెనక్కి పోతుందని తెలిసినప్పుడు పిల్లల మొహాలు చూడాలి. భూగోళం పాఠంలో చదివిన రేఖాంశాలు అప్పుడు వాళ్ళ సొంతమవుతాయి.

పగలు ఒకసారి, రాత్రి ఎనిమిది తర్వాత ఒకసారి డయలు మొత్తం తిప్పి రాయమనండి. పగలు మూడు నాలుగు స్టేషన్లే ఉన్న చోట రాత్రికి తమిళం, కన్నడం, హిందీ, ఇంకా పేరు తెలియని భాషలు వచ్చి పడతాయి. ఎందుకని వాళ్ళే అడుగుతారు. అప్పుడు చెప్పండి. మన తల మీద అరవై డెబ్బై కిలోమీటర్ల ఎత్తు నుంచి ఎండ వల్ల ఏర్పడే ఒక పొర మీడియం వేవ్‌ను పగలంతా మింగేస్తుంది. పొద్దు గుంకాక ఆ పొర కరిగిపోతుంది, దాని పైనున్న పొరలు తరంగాన్ని తిప్పి దూరాన కిందికి పంపుతాయి. ముందు తమ చెవితో విని, తర్వాత కారణం తెలుసుకున్న పిల్లకు ఆ పొరల పేరైన అయనావరణం అన్న మాట బట్టీ పట్టించే పని ఉండదు.

ఇంటి లోపల వింటే బరబరమని చప్పుడు ఎక్కువ ఉంటుంది. ఎల్ఈడీ బల్బులు, ఫోను చార్జర్లు, ఇన్వర్టర్లు చేసే గోల అది. స్కూలు మైదానం మధ్యకు తీసుకుపోండి. ఏ వస్తువు ఎంత గోల చేస్తుందో రేడియో పట్టుకుని వెతకడం కూడా పిల్లలకు మంచి ఆటే.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని దిక్కు కనుక్కోవడం. చిన్న రేడియోల్లో మీడియం వేవ్‌కు లోపల నల్లటి ఫెర్రైట్ కడ్డీ ఉంటుంది, అదే యాంటెన్నా. మామూలుగా అది సెట్టు పొడుగు వెంబడి పడుకుని ఉంటుంది. కడ్డీ పక్కభాగం స్టేషన్ వైపు ఉంటే శబ్దం గట్టిగా, కొన స్టేషన్ వైపు చూస్తే శబ్దం బాగా సన్నగా వస్తుంది. ఆ సన్నబడే చోటును హామ్‌లు నల్ అంటారు. గట్టిగా వినబడే దిక్కు మొద్దుగా ఉంటుంది, నల్ మాత్రం కత్తి అంచులా ఉంటుంది. అందుకే దాన్నే పట్టుకోవాలి.

మేము ఇలా చేశాం. కడప ఆకాశవాణి మీడియం వేవ్‌లో 900 కిలోహెర్ట్జ్. దాని తరంగం పొడుగు ఎంతో ముందు లెక్క కట్టించాం. మూడు లక్షలను 900తో భాగిస్తే 333 మీటర్లు. తర్వాత కర్నూలులో మైదానంలో నిలబడి, రేడియోను బల్లపరుపుగా పట్టుకుని మెల్లగా తిప్పుతూ నల్ దొరికినచోట ఆపి, సెట్టు పొడుగు ఏ దిక్కుకు చూస్తోందో స్కౌట్ కంపాస్‌తో చూశారు. ఐదుసార్లు చూసి సగటు తీశారు. ఆ దిక్కుకు మ్యాపు మీద పెన్సిలు గీత గీస్తే అది కర్నూలుకు ఒకవైపు కడప మీదుగా పోతుంది, రెండో వైపు గద్వాల దిక్కుకు పోతుంది. స్టేషన్ ముందుందా వెనకుందా అన్నది ఒక్క గీతతో తేలదు. అదే రోజు అనంతపురంలో ఉన్న మా మేనకోడలు తన మిద్దె మీద అదే పని చేసి డిగ్రీలు ఫోన్లో చెప్పింది. కర్నూలు నుంచి కడప దాదాపు 150 డిగ్రీల దిక్కున ఉంటుంది, అనంతపురం నుంచి దాదాపు 100. పిల్లల గీతలు రెండూ కమలాపురం దగ్గర కలిశాయి. కడపకు పాతిక కిలోమీటర్ల దూరం! ఇంజనీర్లు కాని పదమూడేళ్ళ పిల్లలు, పాత ట్రాన్సిస్టరుతో, నూట డెబ్బై కిలోమీటర్ల అవతల ఉన్న స్తంభాన్ని అంత దగ్గరగా పట్టుకున్నారు. ఆ మ్యాపు ఇప్పటికీ నా దగ్గర దాచుకున్నాను.

ఈ పని పగలే చేయించండి. రాత్రి ఆకాశం నుంచి వచ్చే తరంగం కలిసి నల్ చెదిరిపోతుంది. ఇనుప గేట్లు, రేకుల షెడ్డు, కరెంటు తీగల పక్కన నిలబడినా దిక్కు తప్పుతుంది.

ఇంతకీ మీ పిల్లల్లో ఎవరికైనా కడప ఊళ్ళో బంధువులుంటే వాళ్ళకొక అదృష్టం ఉంది. స్టేషన్‌కు దగ్గరలో బ్యాటరీ లేని రేడియో పలుకుతుంది. పీవీసీ పైపు ముక్క మీద రాగి తీగ చుట్టలు, గ్యాంగ్ కండెన్సర్, ఒక జెర్మేనియం డయోడ్, క్రిస్టల్ ఇయర్‌ఫోన్, మిద్దె మీద పొడుగాటి తీగ, నేలకు ఒక ఎర్త్. అంతే. కరెంటు లేకుండా పాట ఎలా వస్తోందని నన్నడిగిన ఒక పిల్లకు, ఆ స్తంభం నుంచి వచ్చే శక్తిలోనే రవ్వంత నీ చెవిలో పాడుతోందమ్మా అని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, ఇయర్‌ఫోన్ మాత్రం తీయలేదు.

హామ్‌ల మాటలు మాత్రం ఈ చిన్న రేడియోలో సరిగ్గా వినబడవు. వాళ్ళు వాడే ప్రసార పద్ధతి, సింగిల్ సైడ్ బ్యాండ్ మామూలు సెట్టులో బాతు అరిచినట్టు ఉంటుంది. దీనికి డబ్బు లేని మార్గం నెదర్లాండ్స్‌లోని ట్వెంటె యూనివర్సిటీ వాళ్ళు ఇంటర్నెట్లో పెట్టిన రేడియో, వెబ్ ఎస్‌డీఆర్. అక్కడి యాంటెన్నాకు వచ్చేదాన్ని స్కూలు కంప్యూటర్‌లో మనమే ట్యూన్ చేసుకుని వినొచ్చు. దాంతో వారానికి అరగంట అలవాటు చేయండి.

ఇప్పుడు మైకు సంగతి. భారతదేశంలో హామ్ లైసెన్స్ పరీక్ష రాయడానికి 12 ఏళ్ళు నిండితే చాలు, కాబట్టి మీ పిల్లల్లో చాలామంది అర్హులే. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్, అంటే చుక్కా గీతల సంకేతాల, పరీక్ష లేదు, రేడియో సిద్ధాంతం, నిబంధనలు ఉంటాయి. పాసైనవాళ్ళకు ఇచ్చే గుర్తింపు పేరు, అంటే కాల్‌సైన్ వీయూ3తో మొదలవుతుంది. జనరల్ గ్రేడ్‌కు నిమిషానికి ఎనిమిది మాటల వేగంతో మోర్స్ రావాలి, వాళ్ళది వీయూ2. కానీ ముందు పిల్లల చేత రాయించకండి, ముందు మీరు రాయండి. పదో తరగతి అయ్యాక ఆ పిల్లలు వెళ్ళిపోతారు, మీరుంటారు. మీ దగ్గర కాల్‌సైన్ ఉంటే ఏటా వచ్చే కొత్త పిల్లలకు రేడియో ఉంటుంది. ఓమ్ సూత్రం, తరంగం పొడుగు లెక్క, బ్యాండ్లు, క్యూ అక్షరంతో మొదలయ్యే సంకేతాలైన క్యూ కోడ్‌లు, ఇవన్నీ రోజుకు గంట చొప్పున మూడు నెలలు చదివితే వస్తాయి. తెలుగు టీచర్లు, వ్యాయామం టీచర్లు పాసవడం నేను చూశాను. పరీక్ష పాసైన మర్నాడే లైసెన్స్ చేతికి రాదు, నెలలు పట్టొచ్చు. కాబట్టి ఈ అక్టోబరుకు బయటి హామ్ ఒకరి సాయం మీకు తప్పదు. హైదరాబాదులో 1983 నుంచి ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోను అడగండి. కర్నూలు, అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీల ఎలక్ట్రానిక్స్ (ఈసీఈ) విభాగాల్లోనూ విచారించండి, కాల్‌సైన్ ఉన్న మాస్టర్లు అక్కడక్కడ ఉంటారు.

ఆ వచ్చే హామ్‌తో ఒక మాట ముందే తేల్చుకోండి. మైకు ఎవరి నోటి దగ్గరున్నా బాధ్యత లైసెన్స్ ఉన్నవారిదే. పిల్లల చేత నేరుగా మాట్లాడించవచ్చా, ఎంతవరకు అన్నది ఆయన తన లైసెన్స్ నిబంధనలు చూసుకుని చెప్పాలి. మొహమాటపెట్టకండి. కుదరదంటే, పిల్ల రాసిచ్చిన ప్రశ్నను ఆయనే అడుగుతారు, జవాబు పిల్ల విని లాగ్‌లో రాస్తుంది. రెండు నెలలు వినడం నేర్చిన పిల్లకు ఇది తక్కువగా అనిపించదు.

జోటా ఏటా అక్టోబరు మూడో వారాంతంలో ఉంటుంది. 1957లో ఇంగ్లండులో జరిగిన ప్రపంచ జంబోరీలో కలుసుకున్న హామ్ స్కౌట్లకు, మళ్ళీ ఇలా గాలిలో కలుసుకుందామని వచ్చిన ఆలోచన అది. ఆ రెండు రోజులూ సీక్యూ జంబోరీ, అంటే జంబోరీ వాళ్ళెవరైనా పలకండి అన్న పిలుపు ప్రపంచమంతా వినబడుతుంది. పిలుపు విని ఎవరో ఒకరు పలుకుతారులే అని మాత్రం కూర్చోకండి. మీ హామ్ చేత ముందుగానే ముగ్గురు నలుగురు స్నేహితులతో స్కెడ్ పెట్టించండి, ఫలానా గంటకు ఫలానా ఫ్రీక్వెన్సీ మీద ఉంటామని. మన దక్షిణాది ఊళ్ళతో మాట్లాడటానికి ఉదయం పూట 7 మెగాహెర్ట్జ్, అంటే నలభై మీటర్ల బ్యాండ్ మంచిది. విదేశాలకు మధ్యాహ్నం నుంచి 14 మెగాహెర్ట్జ్ చూడండి. నలభై మీటర్లలో తెలుగు మాట్లాడే హామ్‌లు ఉంటారు. మొదటి సంభాషణ తెలుగులోనే పెట్టించండి. ఇంగ్లీషులో తప్పు పోతుందేమోనన్న టెన్షన్ లేకపోతే పిల్లకు తన ఊరి గురించి చెప్పడానికి పది మాటలు దొరుకుతాయి.

పేర్లు ఇంగ్లీషు అక్షరాలుగా, ఒక్కో అక్షరానికి ఒక మాట చొప్పున చెప్పడం సెప్టెంబరు అంతా ఆటగా ఆడించండి. కోడుమూరు అంటే కిలో, ఆస్కార్, డెల్టా, యూనిఫాం, మైక్, యూనిఫాం, రోమియో. ఎవరి ఊరు వాళ్ళు చెప్పాలి, పక్క పెట్రోల్ వాళ్ళు చూడకుండా రాయాలి. మోర్స్ కూడా కాగితం మీద చుక్కలు గీతలుగా నేర్పకండి, శబ్దంగానే నేర్పండి. సీక్యూ అంటే డా డి డా డిట్, డా డా డి డా. చిన్న బజర్, తొమ్మిది వోల్టుల బ్యాటరీ, తలుపు బెల్లు స్విచ్ చాలు.

యాంటెన్నా పిల్లలే కట్టాలి. నలభై మీటర్ల డైపోల్‌కు ఒక్కో వైపు పది మీటర్ల తీగ, మధ్యలో కోయాక్సియల్ కేబుల్, చివర్లలో నైలాన్ తాడు. 142.5ను 7.1తో భాగిస్తే మొత్తం ఇరవై మీటర్లు వస్తుంది, లెక్క వాళ్ళనే వేయమనండి. గైడింగ్‌లో నేర్చిన ముడులకు ఇంతకంటే మంచి పరీక్ష ఉండదు. బోలైన్ ముడి సరిగ్గా వేయకపోతే గాలికి తీగ నేలకు దిగుతుంది. ఇక్కడ మాత్రం మీరు కఠినంగా ఉండాలి. స్కూలు మీదుగా గానీ పక్కన గానీ కరెంటు తీగ పోతుంటే ఆ వైపు తాడు విసరనే వద్దు. తాడో, తీగో, గడకర్రో కూలిపోయినా కరెంటు తీగను తాకనంత దూరం ఉండాలి. అక్టోబరులో మన దగ్గర సాయంత్రం ఉరుములు మామూలే. దూరంగా మెరుపు కనబడగానే కేబుల్ సెట్టు నుంచి ఊడదీసి బయట పెట్టి, పిల్లల్ని గదిలోకి పంపండి. ఎంత మంచి స్టేషన్ పలుకుతున్నా సరే. సెట్టు ప్రసారం చేస్తుండగా యాంటెన్నా తీగను ఎవరూ ముట్టుకోకూడదు, కాలుతుంది.

ఆ రోజు నాలుగు పెట్రోళ్ళనూ అరగంటకొకసారి ఈలవేసి మార్చండి. ఒకరు రేడియో దగ్గర, ఒకరు మోర్స్ దగ్గర, ఒకరు మ్యాపు, కంపాస్‌తో దిక్కు వెతుకుతూ, ఒకరు సందేశం అందిస్తూ. ఈ చివరిది చిన్నచూపు చూడకండి. ఇరవై మాటల సందేశం ఒకటి కాగితం మీద రాసి, మూడు చోట్ల నిలబడ్డ పిల్లల ద్వారా ఆ చిన్న వాకీటాకీలతో పంపాలి. విన్నవారు రాసుకుని, తిరిగి చదివి వినిపించి, సరే అన్నాకే ముందుకు పంపాలి. ఎన్ని మాటలో లెక్క చెప్పాలి. మొదటిసారి చివరికి చేరేసరికి పది బస్తాల బియ్యం రెండు బస్తాలవుతుంది. మూడోసారికి ఒక్క అక్షరం పోదు.

దీని విలువ నాకు బాగా తెలుసు. 2009 అక్టోబరు 2న హంద్రీ, తుంగభద్ర పొంగి కర్నూలు మునిగినప్పుడు మా పిన్ని వాళ్ళు పాత ఊళ్ళో మిద్దెపైన ఉన్నారు. కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు, రెండు రోజులు మాకు కబురు లేదు. అప్పటికి నేను రేడియో వినేవాణ్ణే తప్ప పరీక్ష రాయలేదు. ఆ తర్వాతే రాశాను. 2021 నవంబరులో అన్నమయ్య డ్యామ్ తెగి చెయ్యేరు ఊళ్ళ మీద పడ్డప్పుడూ మళ్ళీ అదే గుర్తొచ్చింది. పిల్లల్ని వరదల్లోకి పంపమని కాదు, పంపకూడదు కూడా. కానీ ఒక మాటను చెడకుండా అవతలికి చేర్చడం పదమూడేళ్ళకే చేతనైన పిల్ల పెద్దయ్యాక ఏ ఆఫీసులో ఉన్నా పనికొస్తుంది.

ఆడపిల్లలకు రేడియో ఎందుకని ఎవరైనా అంటే భారతీ ప్రసాద్ గారి సంగతి చెప్పండి. ఆమె అండమాన్‌కు వెళ్ళి, 2004 డిసెంబరులో పోర్ట్ బ్లెయిర్‌లో హామ్ స్టేషన్ నడుపుతున్నారు. 26వ తేదీ సునామీ వచ్చింది. దీవులకూ బయటికీ మధ్య మాట తెగిపోయినప్పుడు ఆమె స్టేషన్ నుంచే కబుర్లు వెళ్ళాయి. మీ పిల్లలకు ఆమె గురించి చెప్పాక మోర్స్ బజర్ దగ్గర క్యూ పెరుగుతుంది చూడండి.

జోటా అయ్యాక మాట్లాడిన ప్రతి స్టేషన్‌కూ పిల్లలే క్యూఎస్ఎల్ కార్డు, అంటే మాట్లాడుకున్నామని రుజువుగా పంపే కార్డు, వేయాలి. కొండారెడ్డి బురుజు బొమ్మ గీసి, వెనక లాగ్‌లో ఉన్న సమయం, ఫ్రీక్వెన్సీ, సిగ్నల్ రిపోర్టు రాసి పంపండి. అటునుంచి వచ్చిన కార్డు తరగతి గోడ మీద ఉంటే వచ్చే ఏడు పిల్లల్ని మీరు పిలవనక్కర్లేదు.

అంతరిక్ష కేంద్రం నుంచి 145.800 మెగాహెర్ట్జ్‌లో వచ్చే సిగ్నల్ వినిపించడం కూడా బాగుంటుంది. కానీ ఇది ఈ ఏడాదికి వద్దు. దానికి స్టీలు టేపు ముక్కలతో యాగి యాంటెన్నా చేయడం నేర్పాలి, అది వేరే కథ.

ఈ ఆదివారం ఉదయం ఒక్క రేడియోతో మొదలుపెట్టండి. 900 కిలోహెర్ట్జ్ పెట్టి, సెట్టును మెల్లగా తిప్పించి, సన్నబడ్డచోట ఆపమనండి. ఐదు కొలతలు రాయించి నాకు చెప్పండి. మా మేనకోడలు ఇంకా అనంతపురంలోనే ఉంది, రెండో గీత ఆమె గీస్తుంది.